పెదబాబు ఫోల్డర్

మా బావను ఇంట్లో పెదబాబు అనేవారు. ముగ్గురు అన్నదమ్ముల్లో పెద్దవాడు కాబట్టి వాళ్లమ్మ అలవాటు చేసిన పిలుపు. అసలు పేరొకటి ఉండేది. పెళ్లి పత్రిక మీద చూశాను, ఆ తర్వాత దాన్ని ఎవరూ వాడగా వినలేదు. పరిశోధన కేంద్రంలో చేరిన రోజున యంత్రంలో ఖాతా తెరుస్తూ, ఏ పేరు పెట్టమంటావని అక్కడి ఆపరేటరు అడిగాడట. కొత్త చోటు, కంగారు. నోటికి ముందొచ్చిన మాట చెప్పేశాడు. అలా వాళ్లమ్మ పెట్టిన ముద్దుపేరు వెళ్లి నక్షత్రాల లెక్కలు కట్టే యంత్రాల్లో కూర్చుంది.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. కంప్యూటర్లూ ప్రింటర్లూ బాగుచేసే షాపు నాది. డిగ్రీ మధ్యలో మానేశాను. చదువు రాక కాదు. నా ప్రశ్నలకు జడిసి లెక్చరర్లు వరసగా సెలవులు పెడుతుంటే, కాలేజీ మూతపడుతుందేమోనని జాలిపడి నేనే బయటికొచ్చేశాను. వరదనీళ్లలో మునిగిన ప్రింటర్‌ను ఎండలో ఆరబెట్టి, వీపు మీద నాలుగు తట్టి నడిపించినవాణ్ణి. మొదటి కాగితం మీద చేపబొమ్మ వచ్చింది. ఈ మాట చెబితే ఊరంతా నోరు తెరుచుకుని విన్నది, బావ తప్ప.

"డిగ్రీగారూ, ఆ చేప రంగుల్లో వచ్చిందా?" అన్నాడు. నాకు డిగ్రీ లేదు కాబట్టి ఆయన నన్ను అలాగే పిలిచేవాడు.

"రంగుల్లోనే బావా. ఎర్రటి రెక్కలు!"

"నీ దగ్గరున్నది నలుపు ఒక్కటే కొట్టే ప్రింటర్ కదరా."

ఆయనతో వచ్చిన చిక్కే అది. ఎంత అందమైన కోతనైనా ఎక్కడ అతుకు వేశామో అక్కడే గోరు పెట్టి లాగుతాడు.

ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ ఎక్కించడం. పెళ్లయిన కొత్తలో నేను నవ్వాను. "అదీ ఒక ఉద్యోగమేనా బావా? నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మా షాపులో కరెంటు పోయినా చేస్తా" అన్నాను. ఆయన కోప్పడలేదు. మర్నాడు వెంటబెట్టుకుని తీసుకెళ్లాడు.

నక్షత్రాలను చదివేవాళ్లు ఆకాశం చూస్తారని మీరూ అనుకుంటున్నారేమో. అక్కడ కిటికీలన్నిటికీ నల్లకాగితం అంటించి ఉంది. ఏసీ చలికి భుజాల మీద శాలువాలు కప్పుకుని, ఒక్కొక్కరూ ఒక్కో తెర ముందు ముడుచుకుని ఉన్నారు. ఆ యంత్రాలు మన ఇళ్లలో ఉండే రకం కావు. యూనిక్స్ వంశంవి. బొమ్మలు నొక్కితే పలకవు, నల్లతెర మీద ఆజ్ఞ టైపు చేస్తేనే మాట వింటాయి. ఉపగ్రహాల నుంచి దిగే అంకెల కుప్పను జల్లెడ పట్టి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో రాసి ఉచితంగా ఇస్తారు. ఇచ్చేది కుట్టిన చొక్కా కాదు. గుడ్డ, దారం, కొలతలు ఇచ్చి నీ ఒంటికి తగ్గట్టు నువ్వే కుట్టుకో అంటారు. సోర్సు కోడ్ అంటే ఆ గుడ్డ. కంపైల్ చేయడమంటే ఆ కుట్టుపని.

కుడుతూ ఉండగా అది ఇంకో లైబ్రరీ కావాలంటుంది. లైబ్రరీ అంటే ఇంకెవరో రాసిపెట్టిన సరంజామా. అది తెస్తే దానికి ఇంకోటి కావాలి. ఒకదానికి కొత్త కంపైలరే, అంటే కొత్త కుట్టుమిషనే పడుతుంది, పక్కదానికి పాతదే పడుతుంది. తోడికోడళ్లిద్దరినీ ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టినట్టు ఉంటుంది. మధ్యలో తెర నిండా ఎర్రర్లు. చుట్టూ ఉన్న పీహెచ్‌డీలు చివరి ఎర్రర్ చదివి తలపట్టుకుంటారు. బావ మాత్రం పైకి, పైపైకి జరుపుకుంటూ పోయి మొట్టమొదట తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడ ఆగుతాడు. అంతా కుదిరాక తెర మీద అక్షరాలు వానలా పైకి పాకుతుంటే, ఇక చేత్తో చేసేది ఏమీ ఉండదు. కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుని చూస్తాడు. ఆ సమయంలో మా బావ మొహం చూడాలి. పెళ్లినాడు కూడా అంత వెలుగు లేదు. ఆ మాట అక్కతో అని చీవాట్లు తిన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

ఆ యంత్రాల్లో అందరూ వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు ఒక ఉమ్మడి చోటు ఉంటుంది. దాని మీద అధికారం కంప్యూటర్ విభాగం పెద్దాయనది. ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. అక్కడ ఏదైనా పెట్టాలంటే ఆయన అనుమతి కావాలి. ఆయనకు వచ్చిన ఒకే ఒక్క మాట "చూద్దాం". బావ అడిగాడు, చూద్దామన్నాడు. మళ్లీ అడిగాడు, చూద్దాం కదా అన్నాడు. ఇవతల శాస్త్రవేత్తలు పీకల మీద కూర్చున్నారు. విసుగెత్తి బావ మొదటి సాఫ్ట్‌వేర్‌ను తన సొంత ఫోల్డర్‌లో ఎక్కించాడు. యంత్రంలో ప్రతి ఉద్యోగికీ ఒక గది లాంటిది ఉంటుంది కదా, ఆ గదిలో. తలుపు తీసిపెట్టి, అందరూ వచ్చి వాడుకోండి అన్నాడు.

"తాత్కాలికం" అన్నాడు. పనిచేసే చోట్ల ఆ మాటకున్నంత ఆయుష్షు దేనికీ లేదు. మొదటిదాని పక్కన రెండోది, దాని పక్కన ఇంకోటి. పెదబాబు గది మేడయింది, మేడ బజారయింది. ఎవరు కొత్తగా చేరినా మొదటి రోజు వాళ్ల ఖాతాలో ఒక వరుస రాయిస్తారు: పొద్దున్నే యంత్రం తెరవగానే పెదబాబు ఫోల్డర్‌కి వెళ్లి అక్కడున్న సామానంతా గుర్తుపెట్టుకో అని. ఇంకో తిరకాసు ఉంది. ఈ రకం సాఫ్ట్‌వేర్‌ను కుట్టేటప్పుడు ఏ చోట కుడితే ఆ చోటి అడ్రసు దాని ఒంట్లోకి దిగిపోతుంది. తర్వాత ఇంకోచోటికి మారిస్తే తన కాళ్లూ చేతులూ తనకే దొరకవు. అందుకని పెదబాబు ఫోల్డర్ పెదబాబు ఫోల్డర్‌గానే ఉండాలి, ఆ పేరుతో, ఆ చోటనే.

ఇంత చేసినా ఆయన ఉద్యోగం పర్మినెంట్ కాలేదు. ప్రాజెక్టు మీద వేసుకున్న మనిషి. ప్రాజెక్టు పొడిగిస్తే ఆయనా పొడిగింపు, లేకపోతే లేదు. ప్రతి ఏడాదీ ఆ కబురు వచ్చేదాకా మా అక్క ఇంట్లో కొత్త కర్టెన్లు కూడా కట్టేది కాదు.

"మీకు బెంగ లేదా?" అనేది.

"ఎందుకే బెంగ? వాళ్లందరి సంసారం నా ఫోల్డర్‌లో ఉంది. నన్ను పంపితే మర్నాడు పొద్దున్నే కేంద్రం మూసుకుని అందరూ నిజంగానే ఆకాశం చూసుకోవాలి" అనేవాడు బావ. నేను వంత పాడేవాణ్ణి. కారు పంపించి తీసుకెళ్తారక్కా, ముందొకటి వెనకొకటి, సైరన్‌తో సహా అనేవాణ్ణి. అక్క నన్నో చూపు చూసేది.

అలా ఉండగా కేంద్రానికి కొత్త మేడమ్ వచ్చింది. మంచి మనిషి. ఈ కథలో నాకు కచ్చగా ఉన్నదల్లా అదే. తిట్టుకుందామంటే ఆవిడ మంచి మనిషి.

అక్కడి ప్రింటర్లు నేనే చూసేవాణ్ణి. ఆ రోజు మేడమ్ గదిలో నేల మీద కూర్చుని ప్రింటర్ పొట్ట విప్పి, నలిగి ఇరుక్కున్న కాగితం లాగుతున్నాను. బావను పిలిపించింది. ఆయన వచ్చి నన్ను చూసి, చూడనట్టు నిలబడ్డాడు.

"కూర్చోండి పెదబాబుగారూ. చెప్పాల్సింది మంచిమాట కాదు" అంది. ప్రాజెక్టు అయిపోతోందని, కొత్తదానిలో ఆ పోస్టు లేదని, తను అడిగినా పైవాళ్లు ఒప్పుకోలేదని చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు నిజంగానే తగ్గింది.

బావ తడబడలేదు. ఇన్నాళ్లూ ఈ ఘడియ కోసమే దాచిపెట్టుకున్న మాట అందుకున్నాడు. "మరి సాఫ్ట్‌వేర్ సంగతేంటి మేడమ్? అంతా నా ఫోల్డర్‌లో ఉంది."

"అదే అడుగుదామనుకున్నాను. వెళ్లేలోపు ఉమ్మడి చోటికి మార్చిపెట్టగలరా?"

"మార్చడానికి కుదరదండీ. కదిలిస్తే పనిచేయదు. మళ్లీ మొదటి నుంచి కట్టాలి. నెలల పని."

నేను కాగితం లాగడం ఆపేశాను. కొట్టావు బావా అనుకున్నాను లోపల.

మేడమ్ కాసేపు పెన్ను మూత పెట్టింది, తీసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది. "కదిలించకపోతే?"

"అంటే?"

"ఎవరూ ముట్టుకోకుండా, ఉన్నది ఉన్నట్టే వదిలేస్తే... పనిచేస్తుందా?"

ఒక్క మాట. చెయ్యదండీ, తుప్పు పడుతుంది, వారం వారం నేను చూసుకోవాలి అంటే అయిపోయేది. ఆవిడకు ఆ లోతు తెలియదు, తెలిసినవాడు ఆ భవనంలో ఆయనొక్కడే. నేను ప్రింటర్ వెనక నుంచి తల అడ్డంగా ఊపాను. చూశాడు కూడా.

"ఎందుకు చెయ్యదండీ? నేను పెట్టింది అలా పాడవదు. ఎన్నేళ్లయినా నడుస్తుంది" అన్నాడు.

గర్వంగా అన్నాడు. అంటున్నప్పుడు ఆ మొహంలో కంపైల్ అయిపోయినప్పటి వెలుగే.

"హమ్మయ్య" అంది మేడమ్. "అయితే ఆ ఫోల్డర్ అలాగే ఉంచేస్తాం. మీ పేరు అలా ఉండిపోతే మీకేమీ అభ్యంతరం లేదు కదా?"

"లేదండీ" అన్నాడు బావ. అప్పటికి అర్థమైంది ఆయనకు.

ఆ సాయంత్రం అక్క గిన్నెలు కడుగుతోందో పగలగొడుతోందో తెలియలేదు.

"చెడిపోతుందని చెబితే మీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"చెడిపోదే."

"నాకు తెలుసండీ చెడిపోదని! చెప్పడానికేం?"

"చెప్పాక వాళ్లు చూస్తారు. చెడిపోదు. అప్పుడు పెదబాబుకి పని రాదనుకోరూ?"

"ఉద్యోగం పోయాక ఏమనుకుంటే ఏంటి?"

దానికి జవాబు నా దగ్గర ఉంది కానీ, అక్క చేతిలో చెంచా ఉంది.

మా షాపుకి వచ్చేయమన్నాను. నీ పక్కన కుర్చీ వేయిస్తా, ఫ్యాను నీ వైపు తిప్పుతా అన్నాను. కొన్నాళ్లు ఆగమన్నాడు. ఆయన లెక్క ఆయనకుంది. తాళాలాయన ఎప్పటి నుంచో అన్ని యంత్రాలకూ కొత్త ఆపరేటింగ్ సిస్టం వేయాలని చూస్తున్నాడు. కొత్తది వేస్తే కింద నేల మారిపోయినట్టే. పాత నేల మీద కట్టినవి పగుళ్లిస్తాయి. "అప్పుడు నా పనితనం తప్పు కాదు, నేల తప్పు. అప్పుడు పిలవక చస్తారా? ఆ సమయానికి నేను ఇంకోచోట ఇరుక్కుని ఉండకూడదు" అన్నాడు. అలా ఇంట్లో కూర్చున్నాడు. స్నానానికి వెళ్తే ఫోను తలుపు బయట స్టూలు మీద. మోగితే చాలు సబ్బునురగతో వచ్చేవాడు. లోను కావాలా అని అడిగేవాళ్లు, రాంగ్ నంబర్లు, ఆయన తమ్ముడు. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోఫాలో కూర్చునేవాడు. అక్క కొన్నాళ్లు తిట్టింది. తర్వాత తిట్టడం మానేసింది. ఆ మానేయడమే నాకు నచ్చలేదు.

సిస్టం మార్చేశారని కబురు వచ్చింది. ఆ వారమంతా బావ ఇల్లు కదల్లేదు. ఫోను మోగలేదు.

నేనుండబట్టలేక, వాళ్ల ప్రింటర్ సర్వీసుకు ఇంకా గడువు ఉన్నా సరే వెళ్లాను. లోపల అన్నీ కొత్త తెరలు. బావ కూర్చునే మూల కుర్చీ లేదు. దాని స్థానంలో బల్ల కింద ఒక పాత యంత్రం, ఫ్యాను గురక పెడుతూ. దాని నెత్తిన కాగితం అంటించారు: "ఆపవద్దు. అప్‌డేట్ చేయవద్దు. ముట్టుకోవద్దు." దాని కింద పెద్ద అక్షరాలతో, దాని పేరన్నమాట: పెదబాబు.

అన్నిటికీ కొత్త సిస్టం వేసి, ఆ ఒక్కదాన్ని పాత సిస్టంతో అలాగే వదిలేశారు. కొత్త యంత్రాల ముందు కూర్చున్నవాళ్లందరూ తీగ గుండా దాంట్లోకి వెళ్లి లెక్కలు కట్టించుకుని వస్తున్నారు.

శాలువా కప్పుకున్న ఒకమ్మాయి, కొత్తగా చేరినట్టుంది, పక్కతన్ని అడుగుతోంది. "పెదబాబు ఎందుకో నెమ్మదిగా ఉందివాళ?"

"అందరూ దాని మీదే పడ్డారు. మధ్యాహ్నం పంపు, ఖాళీగా ఉంటుంది."

"పెదబాబు అంటే ఏంటసలు? ఏ మాటకి పొట్టిపేరది?"

"ఏమో. మేం వచ్చేటప్పటికే ఉంది."

నేను నోరు తెరిచాను. అమ్మా, పెదబాబంటే మా బావ, మూడు వీధుల అవతల ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు అని చెబుదామనుకున్నాను. జన్మలో మొదటిసారి, చెప్పడానికి నిజమైన కథ ఉండి కూడా నోరు మూసుకుని బయటికొచ్చాను.

ఇంటికెళ్లేసరికి ఆయన సోఫాలోనే ఉన్నాడు. నేను కేంద్రానికి వెళ్లానని అక్క అప్పటికే చెప్పేసింది. "ఏమైందిరా అక్కడ?" అన్నాడు.

నా విద్య అంతా బయటికి తీశాను. "ఏం చెప్పమంటావు బావా, శ్మశానం! ఒక్క యంత్రం లేవడం లేదు. పీహెచ్‌డీలు కాగితం మీద కూడికలు చేసుకుంటున్నారు, వేళ్లు చాలక చెప్పులు విప్పి కాలివేళ్లు కూడా లెక్కపెడుతున్నారు. మేడమ్ తాళాలాయన్ని నిలబెట్టి దులిపేస్తోంది. పెదబాబుగారి నంబరు ఎవరి దగ్గరుందని కేకలు. రేపో ఎల్లుండో..."

"తెర మీద ఏమొస్తోంది?"

"ఏముంది, ఎర్రర్! లైబ్రరీ దొరకలేదు, లైబ్రరీ దొరకలేదు అని ఎర్ర అక్షరాలతో బారెడు!"

అక్క తలుపు దగ్గర నిలబడి వింటోంది.

"అలా రాదురా" అన్నాడు బావ మెల్లగా. "లైబ్రరీల అడ్రసులన్నీ ప్రోగ్రాం లోపలే దిగ్గొట్టాను. ఫోల్డర్ ఉంటే అవీ ఉంటాయి. ఫోల్డర్ పోతే అసలు ప్రోగ్రామే దొరకదు, ఆ ఎర్రర్ వేరు. కొత్త నేల సరిపడక వచ్చే ఎర్రర్ కూడా వేరే. ఇక ఎర్ర అక్షరాలంటావా, అక్కడ మేం రంగులే పెట్టలేదు."

నేను వెళ్లి ఆయన పక్కన సోఫాలో కూర్చున్నాను.

"పాత యంత్రం ఒకటి పక్కన ఉంచుకున్నారా?"

"ఊఁ."

"నడుస్తోందా?"

"నడుస్తోంది బావా."

"నెమ్మదిగానా, మామూలుగానా?"

"కొంచెం నెమ్మది. అందరూ దాని మీదే పడ్డారట."

"అది యంత్రం పాతదై. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు."

ఒక్క క్షణం ఆయన కళ్లలో సంతోషం మెరిసింది. చచ్చేంత కోపం వచ్చింది నాకు. ఒంటిమీద గుడ్డలతో సహా అన్నీ ఊడబెరుక్కుని పంపితే, పెట్టింది చెడిపోలేదని సంతోషమా? అరుద్దామని లేచాను. అంతలో ఆ మెరుపు పోయింది. చెడిపోలేదంటే పిలవరు. ఇవాళే కాదు, ఎప్పటికీ పిలవరు. అది ఆయన మొహం మీద, పైనుంచి కిందికి, ఒక్కో వరుసే దిగింది.

అక్క లోపలికి వెళ్లిపోయింది. వంటగదిలో కుళాయి తిప్పిన చప్పుడైంది కానీ గిన్నెల చప్పుడు కాలేదు.

బావ చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు. "నీ షాపు పొద్దున్నే ఎన్నింటికి తీస్తావురా?" అన్నాడు.

మా షాపు పదకొండుకి ముందు తీసినట్టు చరిత్రలో లేదు.

"తొమ్మిదింటికల్లా తీసేస్తా బావా" అన్నాను.

ఏ కోతనూ వదలని మనిషి, "సరే, తొమ్మిదికి వస్తా" అన్నాడు. ఇప్పుడు రోజూ తొమ్మిదికే తీస్తున్నాను. ఎవరూ రారు ఆ వేళప్పుడు. ఆయన వచ్చి కూర్చుంటాడు.